సున్నా శ్రోతల విద్వాంసుడు

దెందుకూరి అచ్యుతరామం కచేరీకి సగటున పదకొండుమంది వస్తారు. ఇది ఆయనంటే గిట్టనివాళ్లు వేసిన లెక్క కాదు, ఆయన వేసుకున్నదే. కళ్లు మూసుకుని తన్మయత్వంలో పాడుతున్నట్టు కనిపిస్తూనే రెప్పల సందులోంచి తలలు లెక్కపెట్టుకోవడం ముప్పై ఏళ్లుగా ఆయనకున్న అలవాటు. ఆ పదకొండుమందిలో భార్య ప్రసూనాంబ ఒకరు. బావమరిది ఇంటివాళ్లు నలుగురు. ఆయన పాఠం చెప్పే సంగీత కళాశాల నుంచి హాజరు కోసం వచ్చే విద్యార్థులు ముగ్గురు. హాలు వాచ్‌మన్ ఒకడు. ఎండకో వానకో తలదాచుకోవడానికి దూరినవాడు ఒకడు. మిగిలిన ఆ ఒక్కడి పేరు నూకరాజు. అతని సంగతి తరువాత చెప్పుకుందాం.

ఇంత తక్కువమంది ఎందుకొస్తారని ఎవరైనా అడిగితే అచ్యుతరామం దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ప్రచారం లేదు. అదే కాకినాడలో తటవర్తి శేషావతారం పాడితే వెయ్యిమంది ఎందుకొస్తారంటే, దానికీ అదే జవాబు. ప్రచారం ఉంది. ఒకే మందు రెండు రోగాలకూ పనిచేస్తున్నప్పుడు ఇంకో మందు వెతుక్కోవలసిన పనేముంది? శేషావతారం బాగా పాడతాడేమోనన్న అనుమానం ఆయనకు ఎప్పుడూ రాలేదని కాదు. స్నానం చేస్తుండగా రెండు మూడు సార్లు వచ్చింది. ఒళ్లు తుడుచుకునేసరికి పోయింది.

ఈ ప్రచారం మీద ఆయన పత్రికలకు నలభై ఒక్క ఉత్తరాలు రాశాడు. తొమ్మిది అచ్చయ్యాయి. ఆ తొమ్మిదీ ఆయన కొంప ముంచాయి.

ఎలాగంటే, చట్టసభలో ఎవరో ఒక ప్రశ్న వేశారు. "సంగీతంలో జనాదరణ నాణ్యతకు గుర్తా, లేక ప్రచారానికి ఫలితమా? అవునన్నచో ఈ విషయమై తీసుకున్న చర్యలేవి?" ప్రశ్న తిరిగి తిరిగి రాష్ట్ర నాద ప్రమాణాల మండలికి చేరింది. మండలి కార్యదర్శి పరంజ్యోతి గారు అంతకుముందు పశుసంవర్ధక శాఖలో చేశారు. ఈ విషయం మీద అర్హులెవరని వెతికిస్తే పాత పత్రికల్లో ఆ తొమ్మిది ఉత్తరాలు దొరికాయి. వారం తిరక్కుండా అచ్యుతరామాన్ని ఏకసభ్య సంఘంగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది.

ఏకసభ్య సంఘం అంటే తానొక్కడే అని తెలిసినా, మొదటి సమావేశానికి ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని తన గదిలోనే కూర్చున్నాడు. ఏడు నెలలు శ్రమపడి రెండువందల పన్నెండు పేజీల నివేదిక రాశాడు. అందులో నాణ్యతకు, జనాదరణకు, ప్రచారానికి ఉన్న సంబంధం చిక్కు దారంలాంటిదని, ఏ కొస లాగినా మిగతా రెండూ కదులుతాయని ఎంతో ఓపికగా, నిజాయితీగా నిరూపించాడు. చివరి వాక్యం ఇలా రాశాడు: "శ్రోతలు తక్కువైనంత మాత్రాన సంగీతం గొప్పదని చెప్పలేము." రాసి, కాఫీపొడి కోసం బజారుకు వెళ్లాడు. మసీదు సెంటర్లో శేషావతారం నిలువెత్తు ఫ్లెక్సీ కనిపించింది. చేతిలో తంబూరా, వెనక సూర్యోదయం. ఇంటికొచ్చి, కాఫీపొడి గూట్లో పెట్టకుండానే, చివరి వాక్యం కొట్టేసి మళ్లీ రాశాడు: "కనుక శ్రోతలు ఎంత తక్కువైతే సంగీతం అంత గొప్పదని చెప్పినా తప్పులేదు."

పరంజ్యోతి గారికి ఏ నివేదికలోనైనా ఆఖరి వాక్యమే చదివే అలవాటుంది. పై పేజీలన్నీ దాని కోసమే రాస్తారు కదా అని ఆయన వాదన. ఆ వాక్యం చదివి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారట. నలభై రోజుల్లో అది ప్రభుత్వ ఉత్తర్వుగా బయటికొచ్చింది.

ఉత్తర్వు ప్రకారం ఇకమీదట గాయకుల స్థాయి శ్రోతల సంఖ్యను బట్టి నిర్ణయమవుతుంది. అయిదువందలు దాటితే సాధారణం. వంద దాటితే మధ్యమం. వందకు లోబడితే ఉత్తమం. అసలెవరూ లేకుండా, పూర్తిగా సున్నా శ్రోతలకు, మంగళం దాకా నిండు కచేరీ చేసిన వారికి 'నాదశిఖామణి' బిరుదు, శాలువా, మంత్రిగారి చేతుల మీదుగా.

అచ్యుతరామం ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. వెంటనే మండలి కార్యాలయానికి పరుగెత్తాడు.

"అయ్యా, అది ఏదో అలంకారంగా రాసిన వాక్యం," అన్నాడు.

"అలంకారాలను అమలుపరచరాదని ఏ నిబంధనలోనూ లేదు," అన్నారు పరంజ్యోతి గారు. "అచ్యుతరామం గారూ, మీరు చేసిన సేవ మీకు తెలియడం లేదు. ఇంతవరకు నాణ్యత అనేది అభిప్రాయాల దశలో పెండింగులో ఉండిపోయింది. దాన్ని మీరు కుర్చీల దశకు తీసుకొచ్చారు. కుర్చీలను లెక్కించవచ్చును."

"కానీ నా నివేదికలో మిగతా రెండువందల పదకొండు పేజీలూ..."

"అవి నేపథ్య సమాచారంగా స్వీకరించడమైనది. చూడండి, పశుసంవర్ధక శాఖలో పాలు కొలిచేవాళ్లం. ఎక్కువ ఇచ్చిన గేదె మంచిది. ఇక్కడ వినేవాళ్లను కొలుస్తాం. తక్కువ తెచ్చుకున్న విద్వాంసుడు మంచివాడు. పద్ధతి ఒకటే, దిశ మాత్రమే మార్పు." ఆయన ఫైలు మూస్తూ, "మీ సగటు ఎంత?" అని అడిగారు.

"పదకొండు."

"ఉత్తమం," అన్నారు పరంజ్యోతి గారు, లేచి కరచాలనం చేస్తూ.

మెట్లు దిగేటప్పుడు అచ్యుతరామం ఆ మాటనే మళ్లీ మళ్లీ అనుకున్నాడు. ఉత్తమం. శేషావతారం సాధారణం, తాను ఉత్తమం. ముప్పై ఏళ్లలో ఏ ప్రభుత్వమూ ఇంత సబబైన ఉత్తర్వు ఇవ్వలేదు. తప్పు వాక్యమే కావచ్చు, కానీ తప్పు వాక్యాలు కూడా అప్పుడప్పుడు దారి తెలిసినవాళ్లలా సరైన ఇంటికే చేరతాయి. ఆ సాయంత్రం రెండు పెసరట్లు ఎక్కువ తిన్నాడు. మూడోది తింటుండగా ఆయనకు ఆశ పుట్టింది. పదకొండు నుంచి సున్నాకు ఎంత దూరం?

ఈలోగా సంగీతలోకం తలకిందులైంది. విద్వాంసులందరూ వైశాఖమాసంలో మిట్టమధ్యాహ్నం ఒంటిగంటన్నరకు కచేరీలు పెట్టుకోసాగారు. క్రికెట్ ఫైనల్ రోజుకు ఏ హాలూ దొరకడం లేదు. శేషావతారం అందరికన్నా తెలివైనవాడు కనుక ఊరంతా పోస్టర్లు వేయించాడు: "నా కచేరీకి దయచేసి రాకండి." ఏముందోనని రెండువేల మంది వచ్చారు. తరువాతి నెల పోస్టర్ల మీద చేతులు జోడించిన ఫోటో కూడా వేయించాడు. మూడువేల మంది వచ్చారు, కొందరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. జనాన్ని రప్పించడానికి ఇదివరకు ఉన్న సంస్థలే ఇప్పుడు జనాన్ని రానివ్వకుండా చూసే సంస్థలయ్యాయి. వాళ్ల మనుషులు వీధి మొగలో నిలబడి, హాల్లో తేనెటీగలు లేచాయని చెప్పేవాళ్లు. ఒక పత్రిక 'ఈ వారం ఎవరూ వినని పది పాటలు' అని శీర్షిక మొదలుపెట్టింది. అచ్చవగానే జనం ఆ పదీ వెతుక్కుని విని, పాపం వాటి స్థాయి చెడగొట్టారు. చివరికి ఆ శీర్షిక పాటల పేర్లు లేకుండా ఖాళీగా వచ్చేది. అదే ఆ పత్రికలో ఎక్కువమంది చదివే శీర్షికట.

సందేహాలు కూడా పుట్టుకొచ్చాయి. పక్కవాద్యం వాళ్లు శ్రోతలా కాదా? మండలి ఆలోచించి వివరణ ఇచ్చింది. వాయించుట నేరము కాదు, తల ఊపినచో శ్రోత. గోడ అవతలివాళ్లు? చెవిన పడినచో శ్రోతే. మధ్యలో లేచిపోయినవారు? మంగళమునకు ముందే వెళ్లినవారిని మినహాయించవలెను. మరి గాయకుడు తన పాట తాను వింటాడు కదా అని ఎవడో అడిగాడు. ఎవడో ఏమిటి, అచ్యుతరామమే అడిగాడు. ఆయనకు అన్నీ తేల్చుకోవాలనే చాదస్తం. మూడు వారాల తరువాత జవాబొచ్చింది. "గాయకుడు తన గానమును తానే ఆస్వాదించుచున్నట్లు ముఖమున కనబడినచో అర శ్రోతగా పరిగణించవలెను."

ఈ వివరణ చదివాక ఆయన అద్దం ముందు నిలబడి ముఖంలో ఏ భావమూ లేకుండా పాడటం సాధన చేశాడు. మొదటిరోజే తెలిసిపోయింది, ఇన్నేళ్లూ తన కచేరీల్లో అందరికన్నా ఎక్కువ ఆనందించింది తానేనని. ఆ ముఖాన్ని అదుపులో పెట్టడానికి పదిహేను రోజులు పట్టింది. ఆముదం తాగినవాడి ముఖం ఒకటి కుదిరాక, మండలికి దరఖాస్తు పెట్టాడు. గానకళా మందిరం, వచ్చే ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలకు, సున్నా శ్రోతలకు కచేరీ.

ఇక శ్రోతలను తగ్గించుకోవాలి. ముందు భార్యతో మొదలుపెట్టాడు.

"ప్రసూనా, ఈ ఒక్కసారికి నువ్వు రాకపోతే..."

"మీరు రావద్దంటే నేను కాదంటానా," అంది ప్రసూనాంబ. గొంతులో బాధ ఉందేమోనని ఆయన వెతికాడు. ఆవిడ అప్పటికే సామర్లకోటలో చెల్లెలికి ఫోన్ కలుపుతోంది. "ఆదివారం ఖాళీయేనే. అవునే, నిజంగానే."

బావమరిదికి చెప్పబోతే వాక్యం సగంలో ఉండగానే అతను నాలుగు సినిమా టిక్కెట్లు తీశాడు. విద్యార్థులు ముగ్గురూ కాళ్లకు దండం పెట్టారు. వాచ్‌మన్ గేటు బయట కుర్చీ వేసుకుంటానన్నాడు, అక్కడే గాలి బాగుంటుందట. ఎండకు తలదాచుకోవడానికి వచ్చేవాణ్ని అక్కడే ఆపేస్తానన్నాడు. ముప్పై ఏళ్లలో తన మాట ఇంత మంది ఇంత తొందరగా విన్నది లేదు. అచ్యుతరామం మనసు కాస్త చివుక్కుమంది. అయినా బిరుదు కావాలన్నవాడు ఇలాంటివి పట్టించుకోకూడదు కదా అనుకున్నాడు.

ఇక మిగిలింది నూకరాజు.

కొప్పిశెట్టి నూకరాజు బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. కాకినాడ నుంచి తునికి ఇరవయ్యారేళ్లు తిరిగాడు. పంతొమ్మిదేళ్ల కిందట ఒకరోజు బస్సు బ్రేక్‌డౌన్ అయితే, మెకానిక్ వచ్చేలోగా కాసేపు కూర్చుందామని అచ్యుతరామం కచేరీ హాల్లోకి వచ్చాడు. మెకానిక్ వచ్చి వెళ్లిపోయినా లేవలేదు. ఆనాటి నుంచి ఒక్క కచేరీ మానలేదు, ఒక్కసారీ మంగళానికి ముందు లేవలేదు. మూడో వరస, ఎడమ నుంచి రెండో కుర్చీ. అతనికి రాగాల పేర్లు తెలియవు. కుడిచేత్తో మోకాలి మీద తాళం వేసుకుంటూ వింటాడు, అంతే. ఎవరూ లేని హాల్లో ఆ మోకాలి మీది చెయ్యి చూసుకునే అచ్యుతరామం చాలా కచేరీలు గట్టెక్కించాడు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. రెండువందల పన్నెండు పేజీల్లోనూ రాయలేదు.

జగన్నాథపురంలో నూకరాజు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి అతను వాకిట్లో సైకిల్ గొలుసుకు నూనె పెడుతున్నాడు. పంతులుగారిని చూసి కంగారుగా లేచి, నూనె చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"పంతులుగారూ, మీరొచ్చేరేటండి. కబురెడితే నేనే వద్దును గదండి."

"మీతో చిన్న పని పడింది, నూకరాజు గారూ. వచ్చే ఆదివారం నా కచేరీ ఉంది."

"తెలుసండి. సిద్ధంగానే ఉన్నానండి."

"మీరు రాకూడదు."

నూకరాజు లుంగీకి మళ్లీ చేతులు తుడుచుకున్నాడు. తరువాత మెల్లగా అడిగాడు. "నేనేవన్నా తప్పు చేసేనాండి?"

"తప్పేం లేదు. మీరు వింటున్నారు. అదే ఇప్పుడు ఇబ్బంది." అచ్యుతరామం ఉత్తర్వు సంగతి, బిరుదు సంగతి అంతా వివరించాడు. చెబుతున్నకొద్దీ తన మాటలు తనకే వింతగా వినిపించాయి. ఒకరు వింటే సంగీతం స్థాయి పడిపోతుందన్న మాట, వినే మనిషి ముఖం మీదే చెప్పడం అంత తేలిక కాదు.

"పోనీ బయట సైకిల్ స్టాండు కాడ నించుంటానండి," అన్నాడు నూకరాజు.

"చెవిన పడితే లెక్కేనండీ."

"ఆయ్. మరయితే, నేను ఇనకపోతే మీకు మంచి జరుగుద్దాండి?"

"చాలా మంచి జరుగుతుంది."

"అయితే రానండి. మీకు మంచి జరగాల గదండి." గొలుసు మీదికి వంగాడు. మళ్లీ తలెత్తాడు. "ఆ రోజు ఏది పాడతారండి?"

"శహన."

"అదేదండి?"

అచ్యుతరామం చిన్నగా రాగం తీసి చూపించాడు. నూకరాజు ముఖం వెలిగిపోయింది.

"ఇదాండి. ఇది నాకు తెలుసండి. గొల్లప్రోలు దాటేక సాయంత్రం పూట బస్సు కాలవ గట్టెక్కి నెమ్మదవుద్ది చూడండి, ఎవరూ చిల్లర అడగరు, ఎవరూ మాటాడరు, అలాగుంటదండి అది." అంతలోనే ముఖం ముడుచుకుపోయింది. "అది పాడతారన్న మాట," అన్నాడు.

ఆ క్షణంలో అచ్యుతరామం "వచ్చేయండి, బిరుదు ఏ గోదాట్లోనో కలవనీ" అనేయవచ్చు. అనబోయాడు కూడా. కానీ నోరు తెరిచేసరికి కళ్లముందు మసీదు సెంటర్లో తంబూరా పట్టుకున్న శేషావతారం కనబడ్డాడు. "మరి ఉంటానండీ," అని వచ్చేశాడు. దారి పొడుగునా తన మీద తనకే అసహ్యం వేసింది. ఇల్లు చేరి సాధనకు కూర్చున్నాక తగ్గింది.

ఆదివారం మధ్యాహ్నం గానకళా మందిరం తలుపులు తీశారు. నాలుగువందల ఇరవై కుర్చీలు, ఒక్క మనిషి లేడు. వేదిక పక్కన బల్ల వేసుకుని మండలి పంపిన శ్రోతల గణనాధికారి బుల్లెయ్య కూర్చున్నాడు. పశువుల లెక్కల్లో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. అచ్యుతరామం నమస్కరించగానే అతను రెండు చెవుల్లోనూ దూది కుక్కుకున్నాడు.

"పాట వినబడితే నేను కూడా శ్రోతనైపోతానండి," అన్నాడు గట్టిగా, చెవుడు ఉన్నవాళ్లు అరిచినట్టు. "అంచేత శాఖాపరమైన దూది. మీరు కానివ్వండి. మీ ముఖం మటుకు చూస్తుంటాను, ఆ అర శ్రోత నిబంధన ఒకటుంది కదండి."

పాట మొదలైంది. మృదంగం ఆయన, వయొలిన్ ఆయన తల ఊపకుండా రాతిబొమ్మల్లా వాయిస్తున్నారు. వర్ణం అయింది. కీర్తన అయింది. తరువాత శహన ఎత్తుకున్నాడు. ఎలా కుదిరిందో, గాంధారం మీద నిలబడేసరికి ఆ హాలంతా తంబూరాలా శ్రుతి కలిపి పలికింది. ఇంత బాగా తానెప్పుడూ పాడలేదని ఆయనకే తెలిసింది. ఆనందం ముఖం మీదికి వచ్చేస్తుంటే పళ్లు బిగించి ఆముదం గుర్తుచేసుకున్నాడు. కళ్లు అలవాటుగా మూడో వరసకు వెళ్లాయి. ఖాళీ కుర్చీ. బాగుందో లేదో చెప్పడానికి ఆ మోకాలి మీద చెయ్యి లేదు. బుల్లెయ్య కాగితం మీద పెద్ద సున్నా చుట్టి, బాగుందన్నట్టు బొటనవేలు చూపించాడు.

సరిగ్గా అప్పుడు బయట బస్సులు ఆగిన చప్పుడైంది.

మూడు బస్సులు. అందరికన్నా ముందు దిగినవాడు శేషావతారం మనిషి. సాధారణంలోకి జారిపోయిన శేషావతారానికి తాను సున్నా కావడం ఎలాగూ కుదిరేలా లేదు. కనీసం అచ్యుతరామాన్నైనా కానివ్వకూడదనుకున్నాడు. సభలకు, ఊరేగింపులకు జనాన్ని తోలే మేస్త్రీని పట్టుకుని నూటఎనభై ఆరుమందిని పంపించాడు. మంగళం దాకా కూర్చున్నవాళ్లకే పులిహోర పొట్లం అని షరతు.

"ఏ పార్టీ వదినా ఇది?" అంది ఒకావిడ ముందు వరసలో కూర్చుంటూ.

"ఏదైతే నీకేటి, ఫ్యాను కింద కూకో," అంది రెండో ఆవిడ.

 అచ్యుతరామం పాట ఆపి, మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. హాలు దద్దరిల్లిపోయేలా చప్పట్లు మోగాయి. మాట్లాడేవాడు నీళ్లు తాగితే చప్పట్లు కొట్టాలన్నది వాళ్ల వృత్తి ధర్మం. ఆ సంగతి ఆయనకు తెలియదు. ముప్పై ఏళ్లలో వినని చప్పుడది. బిరుదు పోయినా సరే, ఒళ్లు పులకరించింది. ఇదా శేషావతారం రోజూ తినే తిండి అనుకున్నాడు. చూస్తే జనానికి రుచి ఉంది, ఇన్నాళ్లూ తానే అన్యాయంగా మాట్లాడాడు. ఉత్సాహంగా శహనలో తనకు తెలిసిన అతి కష్టమైన, అతి అందమైన సంగతి ఒకటి వేశాడు. ఒకడు ఆవులించాడు. మళ్లీ గ్లాసు ముట్టుకున్నాడు. చప్పట్లు.

అచ్యుతరామం మెదడులో లెక్క తేలింది. అభిమానం అంతా మంచినీళ్ల మీద.

ఇంతలో తలుపు దగ్గర నూకరాజు కనిపించాడు. ఇచ్చిన మాట ప్రకారం ఇంట్లోనే ఉన్నాడు పాపం. కానీ మందిరం ముందు మూడు బస్సులు ఆగాయని ఎవరో చెప్పారట. మూడు బస్సుల జనం వచ్చాక ఇక తానొక్కడు రాకపోతే ఆగేదేముందని వచ్చేశాడు. లోపల నిండిన కుర్చీలు చూసి అతని ముఖంలో వచ్చిన సంతోషం అంతా ఇంతా కాదు. తన కొడుకు ఫస్టున పాసైనట్టు అందరి వైపూ చూసుకుంటూ మూడో వరసకు వెళ్లి, "కొంచెం జరుగమ్మా," అని తన కుర్చీలో తాను కూర్చున్నాడు. బుల్లెయ్య నూటఎనభై ఏడు అని రాసుకున్నాడు.

అచ్యుతరామం ఆ అంకె చూశాడు. నోటిదాకా వచ్చిన బిరుదు. అప్పుడే నిబంధన గుర్తొచ్చింది. మంగళానికి ముందే వెళ్లినవారిని మినహాయించవలెను. ఇంకా గంట ఉంది. వీళ్లందరినీ లేపేస్తే సున్నా సున్నాయే. లేపడం ఎంతసేపు? చెడ్డగా పాడితే సరి, వాళ్లే పోతారు. చెడ్డపాటకు కూడా జనం పోగవుతారని ఆయనే ఏడు నెలలు కూర్చుని రాశాడు. ఆ క్షణంలో ఒక్క పేజీ గుర్తుకు రాలేదు.

శహనలో నిలబడవలసిన గాంధారాన్ని పట్టకుండా కిందికి జార్చేశాడు. తాళంలో రెండు అక్షరాలు ముందే ఎత్తుకున్నాడు. మృదంగం ఆయన ఉలిక్కిపడి, రాతిబొమ్మ సంగతి మరిచిపోయి ఆయన వైపు చూశాడు. శ్రుతి వదిలేసి అరిచాడు. సాగదీశాడు, బండి మీద ఉల్లిపాయలమ్మేవాడు మైకులో సాగదీసినట్టు. ఆవులించినవాడు సర్దుకుని కూర్చున్నాడు. ముందు వరసలో ఆవిడ, "ఇప్పుడు హుషారుగుంది," అంది. ఎవరో ఈల వేశారు. మేస్త్రీ సైగ కూడా చేయకుండానే నూటఎనభై ఆరుమంది లయ తప్పిన పాటకు లయగా చప్పట్లు కొట్టసాగారు. ఎంత చెడగొడితే అంత మోత. ఒక్కడూ లేవలేదు.

మూడో వరసలో నూకరాజు చెయ్యి మోకాలి మీద ఆగిపోయింది.

ముందు తన చెవుల్లోనే లోపం అనుకున్నాడు కాబోలు, చిటికెనవేలితో చెవి కదిలించుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. తనకే తెలియడం లేదేమోనని కాసేపు వాళ్లతో చెయ్యి కలపబోయాడు. కుదరలేదు. తాళం ఇంకో ఆవర్తం తిరిగేదాకా ఆగాడు, కాలవ గట్టు వచ్చే చోటు కోసం. అచ్యుతరామానికి అది తెలుసు. తెలిసి కూడా ఊపు మీదున్న నోరు దాన్ని అరుపులోనే దాటించేసింది.

నూకరాజు లేచాడు. నలుగురికి అడ్డం వస్తున్నందుకు వంగి, తప్పు చేసినవాడిలా తల దించుకుని, వరస దాటి నడవలోకి వచ్చాడు. వేదిక వైపు ఒక్కసారి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఎవరికో ఒంట్లో బాగాలేదని తెలిసినవాడి చూపు అది. తలుపు తోసుకుని వెళ్లిపోయాడు.

అతను ప్రచారం చూసి వచ్చినవాడు కాదు. ప్రచారం లేదని వెళ్లిపోయినవాడు కాదు. పాట బాగుంటే పంతొమ్మిదేళ్లు కూర్చున్నాడు, బాగులేకపోతే లేచాడు. అంత చిన్న సంగతి తేల్చడానికి తనకు రెండువందల పన్నెండు పేజీలు పట్టినందుకు, అవీ తప్పినందుకు, అచ్యుతరామానికి వేదిక మీదే నవ్వొచ్చింది. నవ్వు వెంటే ఏడుపూ వచ్చింది. పాట ఆపి, శ్రుతిలో కలిపి, శహన మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. కడుపులోంచి, ముఖం సంగతి పట్టించుకోకుండా, మూసుకున్న ఆ తలుపు అవతలికి వినబడాలని పాడాడు. గాంధారం ఇందాకటికన్నా బాగా నిలబడింది. తలుపు తెరుచుకోలేదు. హాల్లోవాళ్లు ఇందాకటిలాగే, అంతే మోతగా, చప్పట్లు కొడుతున్నారు.

బుల్లెయ్య నూటఎనభై ఏడు కొట్టేసి నూటఎనభై ఆరు వేశాడు. చెవుల్లో దూదితో, హాలంతా వినబడేలా, ఎంతో ప్రోత్సాహంగా అన్నాడు.

"ఒకటి తగ్గిందండి. ఇందాక ఏదో చేశారు చూడండి, అదే పద్ధతి కొనసాగించండి."